పిన్ని మీద తీసిన రెండు సినిమాలు

కిందటి ఆదివారం భోజనాలయ్యాక మా మనవరాలు నా ఫోన్ తీసుకుని, నేను తెరవకుండా వదిలేసిన వాట్సాప్ మెసేజీలన్నీ ఒక్కొక్కటే తెరుస్తూ కూర్చుంది. కాలేజీ నుంచి అమెరికాలోనే క్యారీ అనే ఊళ్ళో ఉన్న మా ఇంటికి వచ్చినప్పుడల్లా అది పెట్టుకునే పని ఇదొకటి. గుడ్‌మార్నింగ్ గులాబీలన్నీ ఏరి పారేస్తే గానీ దానికి తోచదు. అలా ఏరుతూ ఏరుతూ ఉన్నట్టుండి లేచి నిలబడి, "అమ్మమ్మా, నువ్వెప్పుడైనా హెడ్ మీద పాట్ పెట్టుకుని కార్న్ ఫీల్డ్‌లో నడిచావా?" అని అడిగింది. డెబ్బై దాటిన మనిషి కునుకు తీయబోతుంటే అడగాల్సిన ప్రశ్న కాదది. లేదనే చెప్పేదాన్ని. కానీ నిజంగానే నడిచాను, అందుకు సాక్ష్యం దాని చేతిలోనే ఉంది.

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. మిచిగాన్‌లో ఉన్న పాత స్నేహితురాలు పంపిన వీడియో అది. నలభై ఏళ్ళు దాటిన సినిమా. రంగులన్నీ వెలిసిపోయి, బీట్‌రూట్ ఉడికించిన నీళ్ళలో ముంచి తీసినట్టు ఎర్రబారి ఉంది. మొక్కజొన్న చేలో పాతికేళ్ళ నేను, నేత చీర, తల మీద కుండ. కుండ కూడా కాదు. అప్పట్లో మేం వెళ్ళే చర్చి పాస్టరుగారి భార్య వరండాలో పూలమొక్క పెంచుకునే ప్లాస్టిక్ తొట్టి. మొక్కని పీకి, తొట్టికి మట్టిరంగు పూశారు. కాసేపటికి తెర మీదికి మా పిన్ని వచ్చింది. నీలం పట్టుచీర కట్టుకుని, కెమెరా వైపు చూసి, "దేవుడు నన్ను స్వస్థపరిచాడు" అని ఇంగ్లీషులో అంది. పియానో మోగింది, సినిమా అయిపోయింది. కింద వరసగా ఆమెన్‌లు. ఈవిడ ఎంత ధన్యురాలో అని ఒకరు రాశారు. మా అమ్మకి కూడా ఇలాగే జరగాలి, ప్రార్థన చేయండి అని ఇంకొకరు రాశారు. ఆ సినిమా తీసిన రెండో ఏటికి పిన్ని లేదు. ఆ సంగతి ఆ వీడియో కింద ఎవరూ రాయలేదు.

పిన్ని మా అమ్మకి ఆఖరి చెల్లెలు, నాకంటే పదమూడేళ్ళు పెద్ద. బాబాయి డెట్రాయిట్ పక్కన కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజినీరు. వాళ్ళకి పిల్లల్లేరు. నేను నర్సు ఉద్యోగానికి వచ్చినప్పుడు నోవైలో వాళ్ళింటి పై గదిలోనే దిగాను. నోవై అంటే ఇప్పటి నోవై కాదు. ఇంటికీ ఇంటికీ మధ్య పొలాలు, శీతాకాలం వస్తే పొలానికీ రోడ్డుకీ తేడా తెలియని మంచు. ఆ మంచులో, వంటింటి బల్ల దగ్గర కూర్చుని పిన్ని తెలుగులో కథలు రాసేది. మన దేశంలో ఒక క్రైస్తవ మాసపత్రిక వాటిని వేసుకునేది. ఆవిడ కథల్లో అద్భుతాలు జరిగేవి కావు. గుడ్డివాడికి చూపు వచ్చేది కాదు, రోడ్డు దాటించేవాడు ఒకడు దొరికేవాడు, అంతే. చివర్లో కాస్త అద్భుతం కలపండమ్మా, చదివేవాళ్ళు ఆశగా ఉంటారు అని సంపాదకుడు బతిమాలుకునేవాడు. పిన్ని నవ్వి, రెండు కామాలు మార్చి అదే కథ మళ్ళీ పంపేది. దేవుడితో ఆవిడ మాట్లాడే తీరు కూడా అంతే. పక్కింటావిడతో గోడ మీంచి మాట్లాడినట్టుండేది. వంకాయ మాడిపోతే ఆయనతోనే చెప్పేది, కథ కుదరకపోతే ఆయన్నే విసుక్కునేది.

మేం వెళ్ళే చర్చి అమెరికన్లది. తెలుగువాళ్ళం నాలుగైదు కుటుంబాలం ఉండేవాళ్ళం. నెలకోసారి వాళ్ళ బేస్‌మెంటులో తెలుగు ప్రార్థన కూడిక పెట్టుకునేవాళ్ళం. పాస్టరు ఆరడుగుల పైన ఉండే తెల్లాయన, అయినా మన ఊళ్ళలో పాస్టర్లని పిలిచినట్టే మా నోళ్ళకి ఆయన అయ్యగారే, ఆయన భార్య అమ్మగారే. ఆయనకీ ఆ పిలుపు అలవాటైపోయి, ఫోన్ చేస్తే "అయ్యగారు స్పీకింగ్" అనేవాడు. మంచివాడు. ఆ మాట ముందే చెప్పి ఉంచడం న్యాయం. పిన్ని చర్చి పత్రికకి ఇంగ్లీషులో చిన్న చిన్న వ్యాసాలు రాస్తే, చర్చి ఆడవాళ్ళు టైపు చేసి, వాటిని ఒక పుస్తకంగా కుట్టారు. ఆ పుస్తకం బయటికొచ్చిన శరదృతువులోనే పిన్ని రొమ్ములో గడ్డ కనబడింది.

ఆపరేషన్ అయింది, ఆ పైన మందులు ఎక్కించారు. నేను నర్సుని కాబట్టి ఆ మందుల సంగతి ఇంట్లో అందరికంటే నాకే ఎక్కువ తెలుసు, తెలిసినందువల్ల ఏ ఉపయోగమూ లేదని కూడా నాకే తెలుసు. జుట్టు ఊడింది. చారు వాసన పడేది కాదు. అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఏమిటంటే, పిన్ని దేవుడితో మాట్లాడటం మానేసింది. భోజనం ముందు బాబాయి కళ్ళు మూసుకుని ఒక్కొక్క రిపోర్టూ, ఒక్కొక్క నంబరూ దేవుడికి అప్పజెబుతూ ప్రార్థన చేస్తుంటే, ఆవిడ కళ్ళు తెరిచే ఉండేవి, కిటికీలోంచి మంచు చూస్తూ. ఒకరోజు నేను చూడటం చూసి, "రావట్లేదే. నోరు తెరిస్తే అమ్మా అనే వస్తోంది, ఇంకేం రావట్లేదు" అంది. పాదాలు చల్లగా ఉంటే మేజోళ్ళు తొడిగాను.

వేసవి మొదట్లో డాక్టరు, ప్రస్తుతానికి ఏమీ కనబడటం లేదు, కొన్నేళ్ళు గడిస్తే గానీ గట్టిగా చెప్పలేం అన్నాడు. బాబాయి అందులో మొదటి సగమే విన్నాడు. ఇంటికొచ్చిన గంటలో అయ్యగారికి ఫోన్ చేసి కృతజ్ఞతా కూడిక పెట్టించేశాడు. మాలో అదొక ఆచారం: జబ్బు నయమైతే, ఉద్యోగం వస్తే, పదిమందినీ పిలిచి, పాటలు పాడి, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పి, కడుపునిండా భోజనం పెడతారు. నయమయ్యాక పెడితే మామూలు విశ్వాసం. నయం కాకముందే, అయిపోయినట్టే స్తోత్రం చెప్పి పెడితే అది పెద్ద విశ్వాసం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. మా ఇళ్ళలో సోమలింగం అనే పేరు పెట్టరు గానీ, ఆ పద్ధతి మాత్రం మాకు బాగా తెలుసు.

"ఇల్లు అలకగానే పండగవుతుందటండీ?" అంది పిన్ని.

"నువ్వలా అనకు. ముందే థాంక్స్ చెప్తే కదా ఫెయిత్! డౌట్ పెట్టుకుంటే ఆయన మాత్రం ఎందుకిస్తాడు?" అన్నాడు బాబాయి. ఆ గొంతులో గొప్ప ఏమీ లేదు, వణుకు ఉంది. పిన్ని అది విని లేచి వెళ్ళి పలావుకి బియ్యం కొలిచింది.

ఆ కూడిక సంగతి తెలిసి దిగినవాడే సినిమా ఆయన. అయ్యగారికి స్వయానా బావమరిది. చర్చిల్లో చూపించుకునే చిన్న సినిమాలు తీయడం ఆయన వృత్తి. అప్పట్లో ఆదివారం సాయంత్రాలు బేస్‌మెంటులో మడత కుర్చీలు వేసి, తెర కట్టి, మూలన కాఫీ మరుగుతూ ఉండగా, టకటకమనే ప్రొజెక్టరుతో భక్తుల జీవితాలు చూపించేవాళ్ళు. తెలుగు రచయిత్రి, పుస్తకం, క్యాన్సర్, స్వస్థత: ఇంతకంటే ఆయనకేం కావాలి? మొదట కొంచెం నిరాశపడ్డాడు పాపం. పిన్ని తన సినిమా కోసమన్నట్టు కులాన్నీ ఇంటినీ ఎదిరించి మతం మారి ఉంటుందనుకున్నాడు. మాది మూడు తరాల క్రైస్తవం, మా తాత బడిపంతులు, పిన్ని చిన్నప్పుడు చేసిన పెద్ద తిరుగుబాటు ఆదివారం బడి ఎగ్గొట్టి జామకాయలు కోయడం అని తెలిసి ఆయన మొహం చిన్నబోయింది. ఏనుగులు ఉండేవా అని అడిగాడు. రిక్షాలు ఉండేవి అంది పిన్ని. చివరికి, పల్లెటూరు ఒక్కటైనా చూపించకపోతే ఇండియా ఎలా అవుతుందని, ఆవిడ పడుచుతనం వేషం నాకు కట్టి, నోవై మొక్కజొన్న చేలో నీళ్ళు మోయించాడు. మేం పుట్టి పెరిగింది గుంటూరులో, ఇంటి ముందే మునిసిపాలిటీ కుళాయి. తల మీద కుండ పెట్టుకోవడం నాకు ఆ రోజు వరకు తెలియదు. తొట్టి మూడుసార్లు పడింది. పిన్ని కారు ముందు సీట్లో కూర్చుని, కుట్లు పడిన చోట చెయ్యి అదిమి పట్టుకుని పగలబడి నవ్వింది. ఏడాదిలో ఆవిడ అంత నవ్వడం అదే. ఆ ఒక్క నవ్వు కోసం నేను ఆ తొట్టిని గుంటూరు దాకానైనా మోసేదాన్ని.

ఇంటర్వ్యూ చర్చి లైబ్రరీలో తీశారు. రెండు పెద్ద లైట్లు, వాటి వేడికి పిన్ని పెట్టుడుజుట్టు కింద చెమట కారుతోంది. రుమాలుతో అద్దడం నా డ్యూటీ. పిన్ని అంతకుముందు వారమంతా ఆలోచించుకుని వచ్చింది. మొదట జబ్బు సంగతి చెప్పింది. తరవాత, ఆ శీతాకాలమంతా తనకి ప్రార్థన రాలేదనీ, దేవుడు ఉన్నాడో లేడో తెలియకుండానే రోజులు గడిపాననీ, అలాంటి రోజులు కూడా విశ్వాసంలో భాగమేనేమో అనిపిస్తోందనీ చెప్పింది. ఇప్పటికి డాక్టర్లకి ఏమీ కనబడటం లేదు, రేపటి సంగతి నాకు తెలియదు అని కూడా అంది. చాలాసేపు చెప్పింది. సినిమా ఆయన ఓపిగ్గా విని, చివర్లో ఇంకొక్క చిన్న వాక్యం కావాలమ్మా, ముగింపుకి అన్నాడు. దేవుడు నన్ను స్వస్థపరిచాడు అని. పిన్ని బాబాయి వైపు చూసింది. బాబాయి రెండు చేతులూ జోడించి, గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆ మనిషి మొహం చూసి ఆ ఒక్క వాక్యం అంది. దానికి ముందు చెప్పినదంతా ఉంటుంది కదా అనుకుని అంది.

అదంతా లేదు. మొదటిసారి బేస్‌మెంటులో సినిమా వేసినరోజు, గుంటూరు, పెళ్ళి, అమెరికా, కథలు, గడ్డ, కన్నీళ్ళు, వెంటనే కృతజ్ఞతా కూడికలో పలావు గిన్నెలు, ఆ వాక్యం, పియానో. ఆ శీతాకాలం మొత్తం ఎగిరిపోయింది. లైట్లు వేశాక అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పిన్ని నెమ్మదిగా సినిమా ఆయన దగ్గరికి వెళ్ళి, నేను చెప్పిన అసలు సంగతి ఏదండీ అని అడిగింది. ఆయన నొచ్చుకున్నాడు. కష్టంలో ఉన్నవాళ్ళు చూస్తారు కదా, వాళ్ళకి ఆశ కావాలి గానీ అనుమానం ఎందుకు అన్నాడు. ఆయన ఆవిడ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని మరీ ఆ మాట చెప్పాడు. కష్టంలో ఉన్నవాళ్ళ కోసమే అది చెప్పాను అంది పిన్ని. అప్పటికే ఎవరో కేకు కోస్తున్నారు. ఆయన మీద కోపం నాకు ఈనాటికీ తగ్గలేదు. క్షమించాలని తెలుసు, రోజూ ప్రార్థనలో అడుగుతాను కూడా. తగ్గలేదు.

ఆ తరవాత ఏడాదీ శనాదివారాలన్నీ ప్రయాణాలే. బాబాయి స్టేషన్ వ్యాగన్ వెనక రీళ్ళ డబ్బాలు పెట్టుకుని మిచిగాన్, ఒహాయో, ఇండియానా చర్చిలన్నీ తిరిగాం. ఎక్కడైనా వరస ఒకటే. సినిమా వేస్తారు, లైట్లు వేస్తారు, తెర మీద చూసిన మనిషి నిజంగా పక్కనే నీలం చీరలో నిలబడుతుంది. జనం ఆ అని నోళ్ళు తెరుస్తారు. చూశారా, బతికే ఉంది! సినిమాకి ఆవిడే రుజువు. జనం వచ్చి ఆవిడ చేతులు పట్టుకునేవాళ్ళు, మా నాన్నకి మీ చెయ్యి తగిలించండి అనేవాళ్ళు. పిన్ని మర్యాదగా నవ్వేది, కారెక్కాక చేతులు చాలాసేపు కడుక్కోవాలనుందనేది. కథలు రాయడం అప్పటికే మానేసింది. అబద్ధం నోట్లో పెట్టుకుని కథ ఎలా రాస్తానే అంది నాతో ఒకసారి, బట్టలు మడతపెడుతూ.

నడుం నొప్పి మొదలైంది రెండో వేసవిలో. కారు దిగేటప్పుడు తలుపు పట్టుకుని ఒక్క క్షణం ఆగడం నేను గమనించాను. నర్సు కంటికి ఆ ఆగడం చాలు. అడిగితే దాచలేదు. హాస్పిటల్‌కి వెళ్దాం అన్నాను. బాబాయితో చెప్పు ముందు అంది. చెప్పాను. ఫ్యాక్టరీలో ఒక్క బోల్టులో పగులు కనిపిస్తే లారీడు సరుకు వెనక్కి పంపించే మనిషి, ఆ రోజు నా మాట వినలేదు. "సినిమా అంతమంది చూశారమ్మాయ్. ఇప్పుడు మళ్ళీ టెస్టులకి వెళ్తే, దేవుడు చేసిన పని మనమే కాదన్నట్టు కదా! అక్టోబర్‌లో ఇంకో రెండు చర్చిలున్నాయి, అయ్యాక చూద్దాం. నడుం నొప్పి ఎవరికి రాదు?" అన్నాడు. అని వెళ్ళి గరాజ్‌లో ఉపవాస ప్రార్థనకి కూర్చున్నాడు. ఆయన్ని తిట్టుకోవడం తేలిక. నేనూ తిట్టుకున్నాను. కానీ ఆ గరాజ్ తలుపు సందులోంచి ఆయన వెక్కిళ్ళు విన్నాను. ఆవిడ ప్రాణం ఆ సినిమాకి కట్టి ఉందని, దాన్ని కదిపితే ఊడిపోతుందని ఆ మనిషి నమ్మాడు. నేను పిన్నిని ఒంటరిగా తీసుకెళ్తానన్నాను. "ఆయన్ని వదిలి నేనెక్కడికీ రాను. ఆయన తెలుసుకోవాలి ముందు" అంది. మొండితనంలో ఇద్దరూ ఇద్దరే.

ఆ రెండు చర్చిల్లో మొదటిది ఒహాయోలో ఒక చిన్న ఊళ్ళో. ఆదివారం సాయంత్రం, వాన. సినిమా అయ్యింది, చప్పట్లు అయ్యాయి. జనం ఒక్కొక్కరే వచ్చి చేతులు కలుపుతున్నారు. ఫ్యాక్టరీ కోటు వేసుకున్న ఒకావిడ కూతురిని నడిపించుకుంటూ వచ్చింది. ఆ పిల్లకి ఆరేడేళ్ళుంటాయి. ఎర్ర ఉన్ని టోపీ, టోపీ కింద జుట్టు లేదు. ఆ పసుపచ్చటి చర్మం ఏ మందుల వల్ల వస్తుందో నాకు తెలుసు, పిన్నికీ తెలుసు. ఆవిడ ఇంగ్లీషులో గబగబా చెప్పుకుపోయింది. పిల్లకి రక్త క్యాన్సర్. ఈ సినిమా ఇది రెండోసారి చూడటం. మందులు ఎక్కించినప్పుడల్లా పిల్ల నరకం చూస్తోంది. మీరు విశ్వసించారు, మీకు నయమైంది. మేం కూడా విశ్వసిస్తున్నాం. రేపటి నుంచి మందులు ఆపేస్తున్నాం. మీ ఆశీర్వాదం తీసుకుందామని వచ్చాం.

పిన్ని ఆ పిల్ల టోపీ మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. తరవాత వెనక్కి తిరిగి, నడుం పట్టుకుంటూ మెట్లెక్కి, మైకు దగ్గరికి వెళ్ళింది. కోట్లు తొడుక్కుంటున్నవాళ్ళు ఆగారు. ఆవిడ ఇంగ్లీషు ఎప్పుడూ కొంచెం బడిపంతులు ఇంగ్లీషు, ఒక్కొక్క మాటా విడివిడిగా పలుకుతుంది. అలాగే చెప్పింది. "సినిమాలో ఉన్నది నేనే. కానీ అందులో చెప్పనిది ఉంది. నాకు ఆపరేషన్ చేశారు, మందులిచ్చారు, అందుకే నేను ఇన్నాళ్ళున్నాను. నాకు జబ్బు మళ్ళీ వచ్చిందని అనుకుంటున్నాను. దేవుడు నన్ను వదల్లేదు, నయమూ చెయ్యలేదు. దయచేసి ఎవరూ నా పేరు చెప్పి పిల్లల మందులు ఆపకండి." ఆ చర్చి పాస్టరు సైగ చేశాడు కాబోలు, పియానో దగ్గర ఉన్నావిడ పాట ఎత్తుకుంది. పిన్ని పియానో కంటే గట్టిగా, ఆ చివరి మాట మళ్ళీ చెప్పింది. మూడోసారి కూడా చెప్పింది. అంత గట్టిగా ఆవిడ మాట్లాడగలదని నాకు తెలియదు.

ఫ్యాక్టరీ కోటు ఆవిడ ఏడుస్తూ పిల్లని ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయింది. మందులు ఆపిందో, ఆపలేదో, ఆ పిల్ల ఏమైందో మాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. ఒకాయన మా పక్క నుంచి వెళుతూ, సిగ్గుచేటు అని పైకే అన్నాడు. బాబాయి రీళ్ళు డబ్బాల్లో సర్దాడు, కారు తీశాడు. దారంతా వైపర్ల చప్పుడు ఒకటే. మిచిగాన్‌లోకి వచ్చాక రోడ్డు పక్కన కారు ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని, "నొప్పి ఎప్పట్నించి?" అని అడిగాడు. పిన్ని చెప్పింది. సోమవారం తెల్లారగానే హాస్పిటల్‌కి ఫోన్ చేసింది ఆయనే. అప్పటికే ఎముకల్లోకీ కాలేయంలోకీ పాకిపోయింది. వేసవిలోనే వెళ్ళి ఉంటే బతికేదా అని బాబాయి నన్ను చాలా ఏళ్ళు అడిగాడు. బతికేది కాదు, కానీ నొప్పి అంత పడేది కాదు. నేను మొదటి సగమే చెప్పేదాన్ని.

సినిమా మాత్రం ఆగలేదు. పిన్ని లేకుండానే చర్చిలకి వెళ్తూ ఉంది. ఆవిడ విశ్వాసం సడలింది, అందుకే జబ్బు తిరగబెట్టింది అన్న మాట మా తెలుగు కూడికలోనే పుట్టి మా దాకా వచ్చింది. అయ్యగారు మాత్రం ప్రతి వారం వచ్చేవాడు, సూప్ పట్టుకుని. ఒకరోజు మొహమాటపడుతూ, మా బావమరిది సినిమాకి కొత్త ముగింపు తీద్దామంటున్నాడు, కిటికీ పక్కన కూర్చుని మనసు నెమ్మదిగా, సమాధానంగా ఉందని ఒక్క మాట చెబితే చాలట అన్నాడు. "చెప్తాను. ఆ తీసేసిన ముక్క కూడా పెడతారా?" అని అడిగింది పిన్ని. ఆయన సూప్ గిన్నె తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం పిన్ని బాబాయిని పిలిచి, "ఏమండీ, మీ కెమెరా తీసుకురండి" అంది. పెళ్ళైన కొత్తలో కొన్న చేతి కెమెరా, మంచు పడితే మంచు, నయాగరాకి వెళితే నయాగరా తీసేవాడు. దానికి మాట పట్టదు, బొమ్మ ఒక్కటే. "ఇందులో నీ మాట వినబడదు కదా!" అన్నాడు బాబాయి. "నాకు తెలుసు. సినిమా తీస్తే మాట తీసేశారు. ఇందులో ముందే లేదు, తియ్యడానికి ఏమీ ఉండదు. మీరు పట్టుకోండి" అంది. దిండ్లు ఎత్తి కూర్చోబెట్టాను. పెట్టుడుజుట్టు వద్దంది. లైటు నేను పట్టుకున్నాను. తెలుగులో మొదలుపెట్టింది. ఆ శీతాకాలం గురించే. ప్రార్థన రాక, అమ్మా అని మాత్రమే వచ్చిన రోజుల గురించి. "ఆయన కోపగించినట్టు లేదండీ. అమ్మా అంటే కూడా పలికినట్టే ఉంది, కానీ అది కూడా ఖాయంగా చెప్పలేను. ఖాయంగా తెలిస్తే ఇంక నమ్మడం ఎందుకు? నాకు నయం కాలేదు. అయినా ఆయన నా వాడే" అంది. ఒక్క రీలుకి మూడు నిమిషాలే. ఆవిడ మాట మధ్యలో ఉండగానే కెమెరా గిర్రుమనే చప్పుడు ఆగిపోయింది. అది ఆగడం నాకు వినబడింది, బాబాయికి వినబడకుండా ఎలా ఉంటుంది? ఆయన కెమెరా దించలేదు. కంటికి అలాగే అదిమి పట్టుకుని, పిన్ని చెప్పవలసిందంతా చెప్పి అలిసిపోయి కళ్ళు మూసుకునేదాకా నిలబడ్డాడు. దించాక చూస్తే, కంటి చుట్టూ ఎర్రగా గుండ్రటి అచ్చు పడింది. మంచు కరిగేలోపు పిన్ని పోయింది. బాబాయి ఉన్నన్నాళ్ళూ ఆ రీలు బైబిలు పక్కనే ఉంచుకున్నాడు, పోయేముందు నాకిచ్చాడు.

ఇదంతా మనవరాలికి చెప్పాను. ఆ రీలుని మా అల్లుడు ఎప్పుడో కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టాడు. అది వెతికి తీసి చూసింది. బోడితల, పెద్ద కళ్ళు, కదిలే పెదాలు. "అమ్మమ్మా, మనం ఇది కూడా అప్‌లోడ్ చేద్దాం. నువ్వు వర్డ్స్ చెప్పు, నేను కింద సబ్‌టైటిల్స్ పెడతాను. దెన్ ఎవ్రీబడీ విల్ నో" అంది. గుర్తున్నంతవరకు చెప్పాను, అది టైపు చేసింది. సగం దాటాక నాకు మాటలు గుర్తు రాలేదు. భావం తెలుసు, మాటలు తెలియవు. "సమ్‌థింగ్ లైక్ దట్ పెట్టేద్దాం, పర్లేదు" అంది అది. వద్దన్నాను. గుర్తులేని చోట నా మాటలు పెడితే ఆ సినిమా ఆయనకీ నాకూ తేడా ఏముంటుంది? అక్కడి నుంచి కింద ఖాళీగా వదిలేయమన్నాను. అది అలాగే వదిలేసింది. మళ్ళీ మొదటి నుంచి వేసి ఇద్దరం చూశాం. పిన్ని పోయిన వయసుకి నా వయసు రెట్టింపు కావస్తోంది. ఆవిడ మాత్రం అక్కడే, నోరు తెరిచి, ఆ మాట మధ్యలోనే ఉంది. ఆగకుండా వచ్చేసిందల్లా కాలమూ, నేనూను.